కాలువలో కప్పలు

రిటైరవుతున్న జాడీ మేడం తన వీడ్కోలు సభలో పాత కథ మళ్లీ మొదలుపెట్టగానే కొత్తమ్మాయి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

చేరి రెండేళ్లయినా ఆ ఫ్యాక్టరీలో ఆమె ఇంకా కొత్తమ్మాయే. పాడైన ఫోన్లు, కంప్యూటర్ల బోర్డులను పొడి చేసి రాగి తీయడం అక్కడి పని. తీసేది మనుషులు కాదు, సూక్ష్మజీవులు. తొట్లలో వదిలితే చాలు, నిప్పూ పొగా లేకుండా రాగిని నీళ్లలోకి కరిగించేస్తాయి. వాటి మూలవిత్తు ఒక గాజు జాడీలో ఉంటుంది. పాలకు తోడేసినట్టు అందులోంచి కొంచెం తీసి తొట్లలో కలుపుతారు.

"మా గురువుగారు ఎక్కడో మూతపడ్డ గనిలో వీటిని పట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. పోయే ముందు నాకు అప్పగించారు," అంటోంది మేడం. "మా ఆయనకన్నా ఈ జాడీకే వేళకి తిండి పెట్టాను."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. కొత్తమ్మాయి మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

జాడీలో ఉన్నవి గురువుగారివి కావు మరి. నిరుడు మేడం సెలవులో ఉండగా తనిఖీకి పెద్దలు వస్తున్నారన్నారు. అన్నీ తళతళలాడాలని, జాడీలోకి గాలి పంపే గొట్టాన్ని కూడా కొత్తమ్మాయి క్రిమిసంహారక మందుతో కడిగేసింది. క్రిములే కూలీలైన చోట అంత శుభ్రత పనికిరాదని మర్నాటికి గాని తెలియలేదు. జాడీలో ఒక్కటీ మిగల్లేదు.

ఏడ్చి ఏడ్చి, చివరికి గోడ వెనక్కి పరిగెత్తింది. అక్కడ ఏనాటిదో ఖనిజపు మట్టి గుట్ట, దాని కింద తుప్పురంగు కాలువ. అలాంటి నీళ్లలోనే ఇలాంటివి పుడతాయని చదువుకున్న గుర్తు. తెచ్చి జాడీలో పోసింది. బతికాయి, పనీ చేశాయి. తిరిగొచ్చిన మేడం జాడీ ఎత్తి చూసి, బాగా చూసుకున్నావని వీపు తట్టింది. ఆ మెచ్చుకోలు ఈనాటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మేనేజరు మైకు అందుకున్నాడు. మేడానిది జాలిగుండె అన్నాడు. గోడ వెనకాల కంపు కాలువని పూడ్చేద్దామంటే కప్పలు చచ్చిపోతాయని ఇన్నేళ్లూ అడ్డం పడిందట. అందులో కప్పని చూసిన పాపాన పోయినవాడు లేడట. మేడం కూడా అందరితో కలిసి నవ్వింది.

సభ అయ్యాక మేడం కొత్తమ్మాయిని ల్యాబులోకి తీసుకెళ్లి జాడీ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని బల్ల మీద దించింది. నిజం చెబితే ఆవిడ జీవితకాలపు గర్వం మట్టిపాలవుతుంది. చెప్పకపోతే తనకి తిన్నది ఒంటబట్టదు.

"మేడం, మీకొకటి చెప్పాలి..."

"ముందు నేను చెప్పేది విను." మేడం తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది. "ఆ కాలువని మాత్రం ఎవర్నీ పూడ్చనివ్వకు."

"కప్పల కోసమా?"

"కప్పలేంటే పిచ్చిదానా, గురువుగారి జాడీలోవి నా చేతికొచ్చిన వారానికే చచ్చిపోతే, నేను నీళ్లు తెచ్చి పోసింది అందులోంచే."