ఏడో ప్రశ్నకు జవాబు

"గా కాయితం పక్కకు పెట్టు బిడ్డా. గీ బద్ద పట్టుకో."

నాలుగు రోజులుగా బీరమ్మది ఇదే పాట. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుని వెదురు బద్దలతో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, అల్లుతోంది ఆమె. చేపలు పట్టేవాళ్ల బతుకు మీద ప్రాజెక్టు రాయాలని వచ్చిన డిగ్రీ అమ్మాయి ఉజ్మా చేతిలో నలభై ప్రశ్నల కాగితం ఉంది. ఒక్కదానికీ జవాబు లేదు.

"అవ్వా, రేపే ఇయ్యాలె. దీంట్ల ఫెయిలైతే నా పీజీ చదువు పోయినట్టే. జర పది ప్రశ్నలకన్నా చెప్పవా?"

"చెప్పుడు ఎంతసేపు? మొన్న మీ క్లాసు పిలగాడొకడు వచ్చిండు. చెట్టుకింద కూసోని నలభై అడిగిండు. నలభై చెప్పిన. పోయిండు." బీరమ్మ ముసిముసిగా నవ్వింది. "నువ్వైతే పుట్టికి తారు పుయ్యి."

ఉజ్మాకు ఏడుపొచ్చింది. అయినా తారు డబ్బా అందుకుంది. చేతులు పనిలో ఉన్నంతసేపూ బీరమ్మ నోటికి ఆగడం తెలియదు. ఉజ్మా పెన్ను తీస్తే మాత్రం ఆ నోటికి తాళం పడుతుంది.

మర్నాడు క్లాసులో కృష్ణకాంత్ సార్, మొన్న బీరమ్మను నలభై అడిగి పోయిన డానిష్ కాగితం అందుకున్నారు. నలభై జవాబులూ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి.

"ఏడో ప్రశ్న. బీరమ్మకు పిల్లలు... లేరు," అని చదివి, ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. "ఉజ్మా, నీది?"

తారు మరకల ఖాళీ కాగితం ఇచ్చింది.

"నాలుగు రోజులు ఏం జేసినవమ్మా?"

"పుట్టి అల్లిన సార్. కానీ డానిష్ రాసింది తప్పు. ఆమెకు కొడుకున్నడు. పదేండ్లు వచ్చేదాక పుట్టి ఎక్కుమంటే కొంగు పట్టుకోని ఏడ్చేటోడంట. మేకపిల్లను ఎత్తినట్టు ఎత్తి పుట్టిల ఏసేదంట."

క్లాసంతా గొల్లున నవ్వింది. సార్ చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం పెట్టారు.

"డానిష్, నువ్వు మళ్లా పో. ఈసారి కాయితం లేకుంట పో."

తర్వాత ఉజ్మా వైపు వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నారు.

"యాదికున్నదంతా రాసుకరా బిడ్డా. గా మేకపిల్ల ముచ్చట ఒక్కటి ఇడిసిపెట్టు. మా అమ్మ గది అందరికీ చెప్పదు."