కమ్మీకి కట్టిన దారం

"చచ్చినా నడవను," అంది భార్య, దుప్పటి గడ్డం దాకా లాక్కుని.

మోకాలి ఆపరేషనై అది మూడో రోజు. వాకర్ పట్టుకుని నిలబడ్డ ఫిజియో అమ్మాయి సాయం కోసం భర్త వైపు చూసింది. ఆయన దర్జీ. అందరూ కటింగ్ మాస్టారంటారు. ఆస్పత్రికొచ్చినా మెడలో టేపు తియ్యడం గుర్తుండదు. కొట్లో ఆయన కత్తిరిస్తే, ఆవిడ కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది.

"ఇలాగే పడుకుంటే కాలు బిగుసుకుపోతుందమ్మా," అంది ఆ అమ్మాయి. "అప్పుడు మళ్ళీ మత్తిచ్చి వంచాల్సొస్తుంది. శనివారానికి వరండా చివర తలుపు దాకా నడిచి, అక్కడ నాలుగు మెట్లెక్కి చూపిస్తేనే డాక్టరుగారు ఇంటికి పంపుతారు."

మళ్ళీ మత్తు అనేసరికి మాస్టారి గుండె జారింది. మొన్న ఆపరేషన్ గది బయట మూడు గంటలు ఎలా గడిపాడో ఆయనకే తెలుసు. బతిమాలి బామాలి ఎలాగో ఆవిడను లేపాడు. ఆవిడ పళ్ళ బిగువున నర్సుల గది తలుపు దాకా నడిచి, గోడకున్న కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

"రోజూ ఇక్కడి దాకా నడుస్తాను. ఇంకో అడుగు వెయ్యమంటే మాత్రం ఊరుకోను."

"వెయ్యమననులే," అన్నాడు మాస్టారు. జేబులోంచి నీలం దారం తీసి, ఆవిడ చెయ్యి పెట్టిన చోటే కమ్మీకి చుట్టి ముడేసి, చిన్న కత్తెరతో కొస కత్తిరించాడు. "ఇదే హద్దు. సరేనా?"

అక్కడితో ఆగితే ఆయన కటింగ్ మాస్టారెలా అవుతాడు? పిల్లల బట్టలకు తల్లులు ఎంత కొలత చెప్పినా, వాళ్ళకు చెప్పకుండా లోపల రెండంగుళాల మడత వదలడం ఆయన అలవాటు. పిల్లలు ఎదిగాక ఆ తల్లులే వచ్చి దండం పెడతారు. ఆడవాళ్ళ వార్డు కాబట్టి పొద్దున ఎనిమిదింటికి గానీ ఆయన్ను లోపలికి రానివ్వరు. మర్నాడు, మంగళవారం రాగానే, ఆవిడ మొహం కడుక్కుంటున్న సందు చూసుకుని వరండాలోకెళ్ళి, టేపుతో కొలిచి మరీ దారాన్ని రెండు గజాలు ముందుకు జరిపాడు.

"ఇవాళ దూరం ఎక్కువైనట్టుందేమిటి?" అంది ఆవిడ, దారం అందుకున్నాక.

"నొప్పి వల్ల అలా అనిపిస్తుంది. దారం అక్కడే ఉందిగా."

బుధవారం ఇంకో రెండు గజాలు, మంచినీళ్ళ ఫిల్టరు దాకా. ఆ రోజు దారం అందేసరికి ఆవిడ పెదవి కొరుక్కుంటూ కమ్మీ మీద వాలిపోయింది. చెంపల మీద కన్నీళ్ళు కారాయి. మాస్టారి ప్రాణం చివుక్కుమంది. కట్టుకున్నదాన్ని మోసం చేసి మరీ ఏడిపిస్తున్నాననుకున్నాడు.

గురువారం దారం దాకా వెళ్ళి, ముడి మీద చెయ్యి వేసి, విప్పలేక వెనక్కొచ్చేశాడు. ఆవిడ నడుస్తుంటే చూడ్డానికీ మనసొప్పలేదు. ఆ పని ఫిజియో అమ్మాయికి వదిలేసి, మందుల వంకతో కిందికి దిగాడు. శుక్రవారం దారం వైపు వెళ్ళనే లేదు, నేరుగా కిందికి దిగిపోయాడు.

ఆ సాయంత్రం డాక్టరు వచ్చి, "రేపు పదింటికి మెట్ల దగ్గర చూద్దాం," అని వెళ్ళాడు. బుధవారం మాస్టారు కట్టిన దారం మంచినీళ్ళ ఫిల్టరు దగ్గరే కదా ఉంది! తన జాలి వల్ల ఆవిడ మళ్ళీ ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కాల్సొస్తే ఏం మొహం పెట్టుకుని చూడాలి?

శనివారం లోపలికి రానివ్వగానే వార్డుకి కాకుండా నేరుగా వరండాలోకి నడిచాడు. దారాన్ని ఒకేసారి చివరి తలుపు దగ్గర కట్టేస్తే సరి, తర్వాత ఎన్ని తిట్లయినా తినొచ్చు. తీరా చూస్తే ఫిల్టరు పక్కన దారం లేదు. ఊడ్చేవాళ్ళు తెంపేశారేమోనని కమ్మీ తడుముకుంటూ పోయాడు. నోటీసు బోర్డు దాటాడు. బరువు తూచే మిషను దాటాడు. వరండా చివర, మెట్ల తలుపు పక్కన కనిపించింది నీలం దారం.

ఫిజియో అమ్మాయి ఎదురొచ్చింది.

"నువ్వేనా తల్లీ దీన్ని జరిపింది?"

"నేనెందుకు జరుపుతాను మాస్టారూ? దారం ఎక్కడుంటే అక్కడి దాకా నడిపించమన్నారు అమ్మగారు, నడిపించాను. మీరే జరుపుతున్నారనుకున్నానే."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ముడి తనది కాదు. బొత్తాలకు వేసినట్టు మూడు చుట్లు తిప్పి వేసిన ముడి. కొస కత్తెరతో కత్తిరించింది కాదు, పంటితో కొరికింది. పళ్ళరిగిపోతాయి, కత్తెర వాడవే అని ఆయన ముప్పై ఏళ్ళుగా కసురుకుంటూనే ఉన్నాడు.

వార్డులోకి వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని, వాకర్ ముందు పెట్టుకుని మంచం అంచున కూర్చునుంది. పక్కనే సంచి సర్ది ఉంది.

"ఆ దారం..." అన్నాడు మాస్టారు, తేలు కుట్టిన దొంగలా.

"నేనే జరుపుకున్నాను. నిన్నా, ఇవాళా, మీరొచ్చేలోపే, నర్సమ్మను తోడు పెట్టుకుని."

"మరి అంతకుముందు నేను..."

"మొదటిరోజే తెలుసు. ముప్పై ఏళ్ళుగా మీ కొలతల మీద కుడుతున్నాను, రెండు గజాల తేడా కనిపెట్టలేనా?"

"తెలిసీ ఊరుకున్నావా? పైగా నువ్వే ఎందుకు జరిపావు?"

ఆవిడ వాకర్ మీద బరువు మోపి, తనంతట తనే లేచి నిలబడింది.

"గురువారం నుంచి మీరు జాలిపడి మానేశారు. మరి నేను ఇంటికెప్పుడు రావాలి?"