తొంభై ఆరు శాతం హాయి

నంద్యాలలోని పరుపుల దుకాణంలో మస్తానమ్మ నాలుగో మెత్త మీద పడుకుంది. ఇరవయ్యేళ్ళుగా నాపబండలకు పాలిష్ పట్టి అరిగిపోయిన నడుము ఆమెది. ఇంట్లో ఉన్న గట్టి పరుపు మీద వేసుకోవడానికి మెత్త కొనాలని వచ్చింది. ఎలా ఉందని మనిషిని అడిగే పద్ధతి అప్పటికే పోయింది. ఒంటిని చదివి మెత్తే చెబుతుంది.

"తొంభై ఆరు శాతం హాయి. ఇదే మీకు సరిపోతాది పెద్దమ్మా," అంది దుకాణంలో పనిచేసే ప్రసూన, గోడ మీది తెర చూసి.

"నడుము నొస్తాంది పాపా."

"నొప్పి లేదనే చూపిస్తాంది కదా."

మస్తానమ్మ ఒత్తిగిలి చూసింది. నొస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తాను నొప్పి అనుకున్నది నొప్పి కాదేమోనని అనుమానం వచ్చింది. లేచి, ముప్పై శాతమే చూపించిన మొదటి మెత్తను తడిమింది.

"దీని మీదనే సుఖంగా ఉన్నట్టుండె. నాకేమీ తెలీడంల్యా. నువ్వొకసారి పడుకొని చెప్పు."

ప్రసూన తటపటాయిస్తూనే పడుకుంది. తెర మీద ఇరవై రెండు అని పడింది. అయినా ఆమె లేవలేదు.

"మా ఇంట్లోది తొంభై ఎనిమిది పెద్దమ్మా," అంది కళ్ళు మూసుకుని. "దాని మీద నాకు నిద్ర పట్టక రెండేళ్ళయింది."

మస్తానమ్మ ఆ మెత్త అంచు మీద చెయ్యి వేసింది.

"ఇట్లాంటివి రెండున్నాయా పాపా?" అని అడిగింది.