విప్పని పెట్టెలు

“ఈ టేపు కంపెనీది కాదు,” అన్నాడు ప్రేబెన్.

ఐనార్ కాఫీ కప్పు కింద పెట్టి వచ్చి చూశాడు. పెట్టె మీద పచ్చ రైలింజను బొమ్మ కొన్నరోజు ఎలా ఉందో అలాగే ధగధగలాడుతోంది. అడుగున అంటించిన టేపు మాత్రం వేరే రకం.

“పాతది ఊడిపోతే నువ్వే అంటించుంటావు. మర్చిపోయావు.”

“నేనా? పెళ్లిరోజు మర్చిపోయానేమో గానీ, వీటి సంగతి ఏనాడైనా మర్చిపోయానా?”

అది నిజమే. ముప్పై ఒక్కేళ్లుగా ప్రేబెన్ బొమ్మ ఇటుకల పెట్టెలు కొంటున్నాడు. కొంటాడు గానీ విప్పడు. వైలె ఊళ్లో వాళ్ల క్లబ్బులో మిగతా వాళ్లంతా కొన్నవి కొన్నట్టు విప్పి, కోటలూ వంతెనలూ కట్టి మురిసిపోతుంటారు. ప్రేబెన్ ఇంటి కింద గదిలో అరలు చేయించి, ఎండ పడకుండా కిటికీకి నల్లగుడ్డ కట్టి, రంగు వెలుస్తుందని హీటరు కూడా వెయ్యకుండా, నలభై రెండు పెట్టెలు పేర్చుకున్నాడు. “కట్టేస్తే ఏముందిరా, అయిపోతుంది. విప్పకపోతే ఎప్పటికీ కట్టబోయేదే,” అనేవాడు.

వచ్చేవారం మ్యూజియం వాళ్లు వాటిని ప్రదర్శనకు తీసుకెళ్తామన్నారు. ఒక్కసారి కూడా తెరవనివే కావాలన్నారు. అందుకే ఇవాళ స్నేహితులిద్దరూ ఒక్కోదాన్నీ దించి, తిప్పి చూస్తున్నారు.

“ఒక్కటే కదా, పక్కన పడెయ్. మిగతావి కదపకు,” అన్నాడు ఐనార్.

ప్రేబెన్ వినలేదు. కత్తి తీసి టేపు కోశాడు.

లోపల కంపెనీ సంచులు లేవు. బఠాణీలు ఫ్రిజ్‌లో దాచుకునే వంటింటి సంచులున్నాయి. ఇటుకల్ని రకాల వారీగా వాటిలో సర్ది, ఒక్కో సంచి మీద నీలి సిరాతో రాశారు. ‘చక్రాలు.’ ‘పొడుగు పసుపువి.’ గుండ్రటి, పొందికైన రాత.

ప్రేబెన్ భార్య లిస్బెత్ రాత. ఆమె పోయి నాలుగు నెలలైంది.

ప్రేబెన్ ఆ సంచులు పక్కన పెట్టాడు. రెండో పెట్టె లాగాడు. తర్వాత మూడోది, ఆ తర్వాత వరసగా ఒక్కోటీ. కోట, పెట్రోలు బంకు, సముద్రపు దొంగల ఓడ. అన్నీ అడుగు నుంచి కోసి, మళ్లీ అంటించినవే. ఓడ కట్టే పుస్తకంలో కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక.

“ప్రేబెన్, ఇక చాలు.”

“చాలా? ముప్పై ఒక్కేళ్లురా! కాళ్లకి మేజోళ్లు లేకుండా ఈ గదిలోకి నేనే అడుగు పెట్టలేదు. మ్యూజియం వాళ్లకి ఏం చెప్పమంటావు? ఇన్నాళ్లూ ఉత్త అట్టలకి కాపలా కాశానని చెప్పనా?”

కత్తి విసిరేసి, పెట్టెల మధ్య చతికిలబడ్డాడు. తర్వాత ఆ కోపం కూడా నిలవలేదు. చక్రాల సంచి చేతిలోకి తీసుకుని, ఆ రాతని బొటనవేలితో నిమురుతూ ఉండిపోయాడు.

“ఒకే ఒక్కసారి అడిగింది. ‘ఒకటి విప్పుదాం ప్రేబెన్, ఇద్దరం కలిసి కడదాం’ అని. ‘నీకేం తెలుసు, చెయ్యి పెట్టకు’ అన్నాను. మళ్లీ అడగలేదు.”

“ఎప్పటి మాటో. వదిలెయ్.”

“ఎలా వదిలెయ్యను? నేను రైలు నడుపుకుంటూ దేశమంతా తిరుగుతుంటే, లిస్బెత్ ఈ చలిగదిలో ఒక్కతే కూచుని కట్టుకునేది. నేనొచ్చేలోపు గబగబా విప్పేసి, సర్దేసి, పైకెళ్లి బంగాళాదుంపలు తొక్కతీస్తూ నిలబడేది. ‘ఏం చేశావు ఇవాళంతా?’ అంటే ‘ఏముంది, ఏం లేదు’ అనేది. ఇంత పెద్ద ఓడ కట్టి, ‘బాగుందే’ అనే మనిషి కూడా లేకుండా విప్పేసుకుందిరా ఐనార్! దాని బతుకంతా నా పక్కనే అలా ఒంటరిగా గడిచిపోయింది. నాకేం తెలుసు? పెట్టెల మీద దుమ్ము పడిందా లేదా, అదొక్కటే తెలుసు.”

డెబ్బై ఏళ్ల మనిషి ఏడవడం ఐనార్ చూడలేకపోయాడు. తనూ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అరలో ఒక్క పెట్టె మిగిలింది. దీపస్తంభం. ప్రేబెన్ లేచి, దాన్ని దించి, ఒళ్లో పెట్టుకున్నాడు.

“మ్యూజియం లేదు, ఏం లేదు. ఇవాళ దీన్ని కడతాను. లిస్బెత్తుతో కలిసి కట్టలేదు, కనీసం దాని పేరు చెప్పుకుని కడతాను. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. ఇన్ని పెట్టెలున్న నాకు ఒక్కటి కూడా కట్టడం రాదు.”

టేపు మీద గోరు పెట్టాడు గానీ అది ఊడి రావడం లేదు. ఐనార్ వచ్చి ఎదురుగా నేల మీద కూచున్నాడు. పెట్టె వంక చాలాసేపు చూశాడు.

“కడదాంలే. కాకపోతే పైన పెట్టే ఎర్రదీపం ఇందులో ఉండదు,” అన్నాడు మెల్లగా, పెట్టె ఇంకా తెరవకముందే. “అది మా ఇంట్లో సోఫా కిందికి దొర్లిపోయింది. ఆ మధ్యాహ్నమంతా లిస్బెత్తూ నేనూ ఎంత వెతికినా దొరకలేదు.”