ములికికి మార్కులు

మూడో బాణం కూడా అరటిబోదెను చీల్చుకుని అవతలకి పోయింది. తాను గీసి తయారుచేసిన కొత్త బాణపు ములికికి కాగితం మీద తానే పదికి పది వేసుకున్నాడు ఇంజనీరు మురళీమోహన్.

"ఎలా ఉంది జగన్నాధం?"

"పదునుగానే ఉన్నాది బాబూ," అన్నాడు సాలూరు కమ్మరి. "కానీ అరటిబోదె ఎదురు తిరగదు కదా. పంది తిరుగుతాది."

"మరి మీ ములికిని మీరెలా పరీక్షిస్తారు?"

"మాకు కాయితాలేటీ లేవు. కొత్త ములికి సేసినోడు ఆ రోజు పందివేటలో అందరికన్నా ముందు నడవాల. మా అయ్య నడిసేడు, నేనూ నడిసేను."

మురళీమోహన్ నవ్వాడు.

"రేపు వేటుంది బాబూ. మీ ములికే బాణానికి కడతాం. పొద్దున్నే వచ్చీయండి."

నవ్వు ఆగింది. మురళీమోహన్ నెమ్మదిగా పెన్ను తీసి, పదికి పది కొట్టేసి, 'మరింత లోతైన పరిశోధన అవసరం' అని రాశాడు.