నోరు మెదపని సాక్షి

"ఏమప్పా, మీది కుందుర్పేనా? ఆ ఊర్లో బయ్యన్న కొడుకు అభిలాష్ అని ఉండాడంట కదా, ఎట్లాంటోడు?"

కళ్యాణదుర్గంలో కుందుర్పి బస్సెక్కి, పక్క సీట్లో కూర్చుంటూనే ఆ తలపాగా పెద్దాయన వేసిన మొదటి ప్రశ్న ఇది. కిటికీ పక్కన కూర్చున్నవాడే ఆ బయ్యన్న కొడుకు అభిలాష్. పెద్దాయనేమో, అతను చేసుకోవాలనుకుంటున్న ప్రశాంతికి మేనమామ వెంకటప్ప. "ఈయనతో జాగ్రత్త" అని ఆ పిల్ల ముందే ఫోటో పంపి భయపెట్టింది. ఈయన ఊ అంటేనే వాళ్లిద్దరి పెళ్లి. ఊహూ అన్నాడా, దేవుడు దిగొచ్చి చెప్పినా ఆ ఇంట్లో వినరు.

"నేనే మామా" అంటే సరిపోయేది. కానీ ఆ నోరు తెరుచుకోదే! కంపెనీ పని మీద జర్మనీ పోయినవాడు, చిన్నప్పటి నుంచీ ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను అక్కడే కోయించి, వెనక్కి జరిపించుకుని, నిన్ననే బెంగుళూరులో దిగాడు. పైపళ్లకూ కిందిపళ్లకూ కలిపి రబ్బరు బ్యాండ్లు బిగించి, ఇంకొన్ని వారాలు నోరు కదపడానికి వీల్లేదన్నాడు డాక్టరు. బుగ్గలు బూరెల్లా పొంగి ఉన్నాయి. కింది పెదవి మొద్దుబారిపోయి, చొంగ కారినా తెలియదని చేతిలో రుమాలు పట్టుకుని తిరుగుతున్నాడు. తాగేది గంజి, అదీ సిరంజితో.

ఈ ఆపరేషన్ సంగతి ప్రశాంతికి తప్ప వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. "కోయించుకున్న పిల్లోడంటే మా మామ గడప తొక్కనీడు" అని ఆ పిల్లే చెప్పొద్దంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే తెరుచుకోనివాడి గతేమిటో ఆ సామెత కట్టినవాళ్లకు తోచలేదు. అభిలాష్ గట్టిగా తల ఊపాడు.

"తలూపితే ఏం తెలుస్తాదప్పా? నోటితో చెప్పు. మంచోడేనా?"

ఈసారి మెడ ఊడొచ్చేలా ఊపాడు. వెంకటప్ప మొహం మాడిపోయింది.

"నాకు తెలీదనుకున్నావా? ఎన్ని సంబంధాలకు విచారణకు పోయింటానో! పిల్లోడు మంచోడైతే ఊరోళ్లు అడగకముందే వాళ్ల తాత కాడినుంచి మొదలుపెడతారు. కానోడైతే నోరు తెరవరు. ఇట్లే తలూపి కిటికీలోంచి బయటికి చూస్తారు."

కిటికీలోంచి బయటికి చూస్తున్న అభిలాష్ గబుక్కున ఇటు తిరిగాడు. పెద్దాయన చెప్పింది నిజమే. పెళ్లి చెడగొట్టిన పాపం ఎవరికీ వద్దు. అబద్ధమాడి ఒకరి పిల్ల గొంతు కోసిన పాపమూ వద్దు. అందుకే చెడు చెప్పాల్సి వస్తే ఈవైపు జనం నోరు మూసుకుంటారు. అడిగినవాళ్లు అర్థం చేసుకుని లేచిపోతారు.

గబగబా ఫోన్ తీసి టైపు చేశాడు. 'అభిలాష్ చాలా మంచివాడు. పిల్లను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాడు.' తన గురించి తానే రాసుకోవడానికి సిగ్గేసింది, అయినా ఆయన మొహం ముందు పెట్టాడు.

"కండ్లజోడు ఇంట్లోనే మర్చిపోయినా. నాకు అచ్చరాలు ఆనవు. నోటితో చెప్పరాదా?"

అభిలాష్ తన నోటి వైపు వేలు చూపించాడు.

"అయ్యో, ఆకలా?" వెంకటప్ప సంచిలోంచి గుప్పెడు వేయించిన చెనిక్కాయలు తీసి చేతిలో పోశాడు. అభిలాష్ వాటిని జేబులో వేసుకున్నాడు.

"తినకుండా ఇంటికెత్తుకపోతాండావా? ఇంట్లోవాళ్ల మీద పాశం ఉండేటోనివి." పెద్దాయన చొక్కా జేబులోంచి ఒక ఫోటో బయటికి తీశాడు. "చూడు వీని మొకం! దవడ దుక్కి దున్నే మడక మాదిరి యెట్ల ముందుకొచ్చిందో. నీ మాదిరి గుండ్రంగా ఉండింటే ఎంత లచ్చనంగా ఉండేటోడు! దానికితోడు జర్మనీ అంటాడు, కంపెనీ అంటాడు, ఈ మధ్య పిల్లతో ఫోన్లో మాట్లాడేది కూడా లేదంట. ఏదో దాస్తాండాడు. తాగుతాడా?"

అభిలాష్ తల అడ్డంగా ఊపాడు.

"ఆడ తెల్లపిల్లను యెవర్నన్నా చేసుకున్నాడా?"

బుగ్గలు సలుపుతున్నా లెక్కచేయకుండా అడ్డంగా ఊపాడు, ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

"ఇంతగా కాదంటాండావంటే అవుననే కదా!"

ఇక తట్టుకోలేకపోయాడు. బిగిసిన పళ్ల సందులోంచి మాటను బలవంతంగా బయటికి నెట్టబోయాడు. బస్సు మోతలో "మ్మ్... మ్మ్" అని మాత్రమే వినిపించింది. దవడ నొప్పికీ, ప్రశాంతి చేజారిపోతోందన్న దిగులుకీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

వెంకటప్ప కరిగిపోయాడు.

"ఊరుకో నాయనా, ఊరుకో. ఊరోని మీద చాడీ చెప్పలేక, మాకు అన్యాయం చేయలేక ఎంత నలిగిపోతాండావు! నాకు అర్థమైపాయలే." అక్కడికక్కడే అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, బయ్యన్న సంబంధం మనకొద్దు. ఎవర్నడిగినానా? ఆ ఊరి పిల్లోడినే. పాపం, ఒక్క మాట చెడ్డగా చెప్పలేదు, కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంకేం కావల్ల?"

అభిలాష్ నుదురు ముందు సీటుకు ఆనించాడు. తన సంబంధాన్ని తానే చెడగొట్టుకున్న మొనగాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

కుందుర్పి దగ్గర పడింది. వెంకటప్ప ఫోన్ జేబులో పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి తేరిపార చూశాడు.

"పెండ్లయిందా?"

అభిలాష్ నీరసంగా తల అడ్డంగా ఊపాడు.

"మనోళ్లేనా?"

నిలువుగా ఊపాడు.

"యాడన్నా ఉద్యోగం చేస్తాండావా?"

మళ్లీ నిలువుగానే.

పెద్దాయన దగ్గరికి జరిగి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ అభిలాష్‌గాడు పోతే పోనీ, మా ప్రశాంతిని నువ్వు చేసుకుంటావా నాయనా?"