పులసని ఓడించే ప్రాసెసర్

"ఒక్కసారే కొంటాను కౌముదీ. పన్నెండో తరగతి అయ్యేదాకా ఇంకోటి అడక్కూడదు. బాగా ఆలోచించుకుని చెప్పు."

రాజమండ్రిలో కంప్యూటర్ల షాపులో నిలబడి మణిశంకర్ గారు కూతురితో అన్న మాట అది. నిడదవోలు నుంచి ఆ పని మీదే రైలెక్కి వచ్చారిద్దరూ.

కౌముది పదకొండో తరగతి. స్కూల్లో కంప్యూటర్ సైన్సు, ఇంటికొస్తే ఆన్‌లైన్‌లో ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కలబడే ఆట. కొనబోయే లాప్‌టాప్ రెండిటికీ పనికి రావాలి.

షాపాయన రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి, రెండిట్లోనూ ఆట నడిపించాడు.

"ఇది పది కోర్ల ప్రాసెసర్ అండి. చదువుకీ ఆటకీ సరిపోతుంది. ఇదేమో ఇరవై నాలుగు కోర్లు. దీన్ని మించింది మా దగ్గర లేదండి."

"పదెక్కడ, ఇరవై నాలుగెక్కడ!" అంది కౌముది. "పెద్దదే నాన్నా."

"నేనొకసారి చూడొచ్చా అమ్మా?"

పక్కన హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటున్నావిడ అడిగారు. యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో మడత కర్ర. చూపు లేదని తెలుస్తూనే ఉంది.

"రండి సూర్యకళ గారూ," అని షాపాయన దారిచ్చాడు.

ఆవిడ ఒక్కో లాప్‌టాప్ మీదా అరచెయ్యి ఆనించి, తల వంచి కాసేపు విన్నారు.

"ఈ పెద్దది అప్పుడే ఆయాసపడుతోందమ్మా. వేడెక్కింది కూడా. క్లాసులో దీని ఫ్యాను చప్పుడు పడలేరు. ఛార్జింగూ నిలవదు. ఇదిగో, ఇది నిదానంగా ఉంది. నీ వేళ్ళు ఎంత జోరుగా ఆడినా అందుకుంటుంది. ఇది తీసుకో తల్లీ."

మణిశంకర్ గారు తలూపారు. "ఆవిడ చెప్పింది సబబుగానే ఉందే."

కౌముదికి ఒళ్ళు మండింది. తండ్రి చెవిలో గొణిగింది.

"ఆవిడకి కనిపించదు కదా నాన్నా! గేమింగ్ గురించి ఆవిడకేం తెలుస్తుంది?"

ఎంత మెల్లగా అంటేనేం, ఆవిడకి వినిపించనే వినిపించింది.

"నిజమే తల్లీ," అని నవ్వారు.

మణిశంకర్ గారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "ఏమనుకోకండమ్మా, చిన్నపిల్ల. పులసని ఓడించాలట. ఇంట్లో పొద్దస్తమానం ఇదే గోల."

"పులసా? ఎవరండీ ఆ పులస?"

కౌముది ఇక ఆగలేకపోయింది.

"మా గోదావరి జిల్లాల గేమింగ్ గ్రూపులో ఛాంపియన్ పెట్టుకున్న పేరు ఆంటీ! ఇంతవరకూ ఎవ్వరూ ఓడించలేదు. ఎవరో కూడా ఎవరికీ తెలీదు. మాట్లాడడు, ఫొటో పెట్టడు. భీమవరంలో రొయ్యల చెరువులున్నవాళ్ళ అబ్బాయట. సిస్టం సింగపూర్ నుంచి తెప్పించుకున్నాడట. స్క్రీనే గోడంత ఉంటుందట!"

"అబ్బో! గోడంతే?" ఆవిడ పకపకా నవ్వేశారు.

"మరి! లేకపోతే మనం చెయ్యి ఎత్తకముందే ఎలా తప్పుకుంటాడు?"

"అదీ నిజమే. బాగా ఆడు కౌముదీ," అని ఆవిడ కొత్త హెడ్‌ఫోన్స్ సంచీలో వేసుకుని, కర్ర తాటిస్తూ వెళ్ళిపోయారు.

కౌముది పెద్దదే కొనిపించింది. పంతం పట్టిందంటే పట్టిందే.

సోమవారం స్కూల్లో మధ్యాహ్నం కాకుండానే ఛార్జింగ్ అయిపోయింది. మర్నాడు గోడ పక్కన ప్లగ్గు దొరికితే ఫ్యాను మోత అందుకుంది. "కౌముదీ, ఆ విమానాన్ని కిందికి దింపమ్మా," అన్నారు టీచరు. క్లాసంతా ఘొల్లుమంది. రోజూ స్కూలుకి వెళ్ళొచ్చే రైల్లో ఆ బరువు మోసి మోసి భుజం వాచింది.

"షాపులో ఆవిడ చెబుతూనే ఉన్నారు," అన్నారు మణిశంకర్ గారు.

"ఆదివారం మా గ్రూపు పోటీ ఫైనల్లో పులసని కొట్టనియ్యి నాన్నా. ఈ బాధలన్నీ మర్చిపోతాను."

ఆదివారం వచ్చింది. గ్రూపంతా చూస్తోంది. కొత్త స్క్రీన్‌లో తన ఆటగాడి చెమట చుక్క కూడా మెరుస్తోంది. కౌముది ప్రాణం పెట్టి ఆడింది. అలా ఆడటం తండ్రి ఎప్పుడూ చూడలేదు.

పులస ముందు అదేం పనికి రాలేదు.

గుద్దు వెయ్యబోతే అక్కడ ఉండడు. ఎగిరితే, దిగే చోట కాచుకుని ఉంటాడు. ఎలాగోలా వెనక చేరి కాలెత్తిందో లేదో, వెనక్కి తిరక్కుండానే ఒక్క తన్ను తన్నాడు. ఆట అయిపోయింది.

కౌముదికి ఏడుపు రాలేదు. ఓడిపోయానన్న సంగతే కాసేపు గుర్తు లేదు.

"ఇది మనిషి ఆడే ఆటేనా నాన్నా?"

"నాకేం అర్థం కాలేదు గానీ, ఒళ్ళు జలదరించింది," అన్నారాయన.

కౌముది గ్రూపులో టైప్ చేసింది: "మీకో దణ్ణమండీ. మీ ప్రాసెసర్ ఏంటో చెప్పరా, ప్లీజ్!"

ఎన్నడూ నోరు విప్పని పులస నుంచి, మొదటిసారి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కౌముది గబుక్కున నొక్కింది.

ఆడగొంతు.

"బాగా ఆడావు తల్లీ."

ఆ గొంతు ఎక్కడ విన్నదో తెలిసిన మరుక్షణం కౌముది కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"మా తమ్ముడు వాడి వదిలేసిన కంప్యూటరమ్మా నాది, ప్రాసెసర్ ఏదో గుర్తు లేదు గానీ, స్క్రీన్ పాడైపోయి చాలా కాలమైంది, నాకు దాంతో పనేముందని బాగు చేయించలేదు."